పందొమ్మిది వేళ్ళ ఎత్తు

నాబుల్ ఊళ్ళో చేదునారింజ పూలు విచ్చుకునే రోజులొస్తే దలెందా తెల్లారగట్లే లేచి కూర్చుంటుంది. మొహం కడుక్కుని, నిన్నటి రొట్టెకి కాస్త హరీసా కారం రాసి, ఆలివ్ నూనెలో ముంచి నిలబడే తినేస్తుంది. తలకి రుమాలు బిగించి, పాత పెజో ట్రక్కు తాళాలు పట్టుకుని బయటపడుతుంది. ఆ వేళకే తోటల్లో ఆడవాళ్ళు చెట్ల కింద దుప్పట్లు పరిచి పూలు కోస్తూ ఉంటారు. ఎండ ముదరక ముందే ఆ పూలు బజారుకి చేరాలి. కాస్త ఆలస్యమైందా, మగ్గిపోతాయి. పూలనీరు కాచే ఇల్లాళ్ళు గోనె మూతి విప్పి వాసన చూసి, పెదవి విరిచి పక్క గోనె దగ్గరికి వెళ్ళిపోతారు.

ఆరు ఇళ్ళ ఆడవాళ్ళ పూలు దలెందా ట్రక్కులోనే వెళతాయి. ఆ ట్రక్కు రోడ్డుకి పందొమ్మిది వేళ్ళ ఎత్తున వెళుతుంది.

ఆ ఊళ్ళో బళ్ళ సంగతి అంతే. ఏడాది పొడుగునా ఎవరినీ గుద్దకుండా, దేన్నీ గీరకుండా తిరిగిన బండి ఏడాది నిండేసరికి ఒక వేలి మందం పైకి లేస్తుంది. గుద్దితే దిగిపోతుంది. పిల్లనివ్వబోయే వాళ్ళు అబ్బాయి ఉద్యోగం సంగతి అడగడం అయ్యాక వంగి అతని కారు కింద చెయ్యి పెట్టి చూస్తారు. టైర్లమ్మే షాపతను మాత్రం మంచి డ్రైవర్లు ఎదురైతే మొహం తిప్పుకుంటాడు, వాళ్ళ టైర్లు అరగవు గనక.

బండి ఎవరి పేరున ఉంటే ఎత్తు వాళ్ళదేనని ఊరి నమ్మకం. పెజో దలెందా మొగుడు ఖమీస్ పేరున ఉండేది. పొద్దున్న లేస్తే దాన్ని నడిపేది దలెందా అని ఊరంతా కళ్ళారా చూస్తూనే ఉంది. అయినా పేరు మాత్రం ఖమీస్‌దే. "మా ఆవిడ ఊరికే అటూ ఇటూ తిప్పుతుందంతే, నాకు మోకాలు నొప్పి కదా" అనేవాడు ఖమీస్, కాఫీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని. నలుగురూ తలలూపేవాళ్ళు.

పోయిన నవంబరులో గుండె ఆగి ఖమీస్ పోయాడు. ఖననం రోజున ఇమాం గారు కూడా పందొమ్మిది వేళ్ళ సంగతి ఎత్తి, ఇంతటి నెమ్మదస్తుడు ఈ పేటలో మళ్ళీ పుట్టడని కళ్ళొత్తుకున్నాడు. లోపల ఆడవాళ్ళ మధ్య కూర్చున్న దలెందా చెవిన ఆ మాట పడింది. అది తప్పని అనాలని ఆమెకి అప్పుడు తోచను కూడా లేదు.

ఖమీస్ పేరున ఉన్న ఇన్సూరెన్స్ గడువు సరిగ్గా పూలు మొదలయ్యే వారం, శనివారంతో అయిపోతోంది. పాత కంపెనీకి ఊళ్ళో ఏజెంటుగా పనిచేసిన హమ్మాదీ గారు రిటైరయ్యాక ఆ ఆఫీసు మూసేశారు. అందుకని దలెందా పెద్ద రోడ్డు మీదున్న ఇంకో కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ కూర్చునే సహ్బీకి ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా, మర్యాదగా ఉంటాడు. ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ముందు తనే నొచ్చుకుంటాడు.

"పిన్నీ, మీ పేరున ఇదే మొదటి పాలసీ. మా లెక్కలో మీరు నిన్న లైసెన్సు తీసుకున్న అమ్మాయితో సమానం," అన్నాడు.

"అమ్మాయినా? ఆ మాట నా నడుముకి చెప్పు నాయనా, సంతోషిస్తుంది."

సహ్బీ నవ్వాడు గానీ వేళ్ళు కంప్యూటరు మీదే ఉన్నాయి. "కొత్తవాళ్ళకి ఏడాదికి పన్నెండు వందల దినార్లు. పందొమ్మిదేళ్ళు ఏ క్లెయిమూ లేకుండా నడిపినట్టు పాత కంపెనీ నుంచి సర్టిఫికెట్ తెచ్చారనుకోండి, నాలుగు వందల యాభై. అంతే."

పూల మూడు వారాల్లో దలెందాకి మిగిలేది వెయ్యి దాటదు. ఆమె లేచి కిటికీ తెర పక్కకి లాగింది.

"అదుగో, చూడు."

సహ్బీ మెడ చాచి చూశాడు. ట్రక్కు గాలిలో నిలబడి ఉంది. దాని కింద నీడలో ఒక పిల్లి కాళ్ళు బార్లా చాపుకుని పడుకుంది.

"పందొమ్మిది ఉంటాయి పిన్నీ, నాకు కనపడుతూనే ఉంది. కానీ హెడ్డాఫీసు కంప్యూటరుకి కిటికీ లేదు. దానికి కాగితం కావాలి. ఆ కాగితంలో కూడా బండి నడిపేవారని మీ పేరుండాలి. మీ ఆయన పేరుంటే ఆ పందొమ్మిదేళ్ళూ ఆయనతోనే పోయినట్టు."

దలెందా అక్కడి నుంచి తిన్నగా హమ్మాదీ గారింటికి వెళ్ళింది. ఆయన గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని కెనరీ పిట్టల పంజరాలు శుభ్రం చేసుకుంటున్నాడు. ముప్పై ఏళ్ళు ఊరందరి బళ్ళకీ పాలసీలు రాసిన మనిషి. ఆమె వచ్చిన పని చెప్పగానే ఆయన చేతిలో నీళ్ళ గిన్నె ఒలికింది.

"సర్టిఫికెట్టుకేముందమ్మా, టూనిస్‌లో హెడ్డాఫీసుకి ఉత్తరం రాస్తే పంపిస్తారు. క్లెయిములు లేవు, నిజమే. కానీ నడిపేవారు అన్న చోట ప్రతి ఏడూ ఖమీస్ అనే ఉంది."

"నేను నడపడం మీరు చూస్తూనే ఉన్నారు కదండీ. మీ ఇంటి ముందు నుంచే కదా పొద్దున్నే పోయేది?"

"చూశాను."

"మరి?"

"ఆయన చెప్పింది రాశాను తల్లీ. ఏజెంటు పని అదే."

ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. నిండుగానే ఉన్న గింజల డబ్బాలో మళ్ళీ గింజలు పోశాడు. ఏదో దాస్తున్నాడని దలెందాకి అనిపించింది. పెద్దాయన, గుచ్చి గుచ్చి అడిగితే ఏం బాగుంటుందని వచ్చేసింది.

గురువారం సాయంత్రం మరిది ఫర్జానీ వచ్చాడు. చేతిలో మకరూద్ మిఠాయి పొట్లం. ఫర్జానీ మిఠాయి తెచ్చాడంటే ఏదో ఒకటి పట్టుకుపోవడానికి వచ్చాడని ఇంట్లో అందరికీ తెలుసు.

"వదినా, నువ్వు ఆఫీసుల చుట్టూ తిరగడం చూడలేకపోతున్నాను. ట్రక్కు నా పేరున పెట్టెయ్. నాకు ఏడేళ్ళ సర్టిఫికెట్ ఉంది, ఒక్క క్లెయిమూ లేదు. సగానికి సగం తగ్గిస్తారు. పూలు నేనే తోలతా. నువ్వు హాయిగా పక్కన కూర్చో."

"నీకు క్లెయిములు లేవా? మొన్న రంజాన్‌లో ఉల్లిపాయల బండిని గుద్దిందెవరు?"

"అది క్లెయిమెలా అవుతుంది? వాడి మేనమామ మా బావమరిదికి స్నేహితుడు. కాఫీ తాగాం, ఒకరి నెత్తి ఒకరం ముద్దు పెట్టుకున్నాం, అయిపోయింది. కాగితం దాకా పోలేదుగా."

ఆ ఊరి మగవాళ్ళందరి పద్ధతీ అదే. బళ్ళు గుద్దుకుంటాయి. దిగి అరుచుకుంటారు. అరుపుల మధ్యలో ఏదో చుట్టరికం బయటపడుతుంది. పోలికలు వెతుక్కుంటారు, తర్వాత కాఫీ కొట్టుకి వెళతారు. ప్రమాదం ఫారం ఎవరూ నింపరు. అందుకే ఫర్జానీ సర్టిఫికెట్ పాలలా తెల్లగా ఉంటుంది, కారు మాత్రం పొట్ట నేలకానించుకుని నడుస్తుంది.

దలెందాకి ఇదంతా తెలుసు. కానీ శనివారం దాటితే చౌరస్తాలో పోలీసు అద్దం మీద ఇన్సూరెన్స్ చీటీ చూస్తాడు. ఆరు ఇళ్ళ ఆడవాళ్ళు తన మీద ఆధారపడి ఉన్నారు. ట్రక్కు తన చేతుల్లోంచి పోయిందంటే మళ్ళీ రాదని కూడా తెలుసు. ఫర్జానీ తీసుకున్న వస్తువు వెనక్కివ్వడు. రాత్రంతా ఆలోచించి, పొద్దున్నకి తాళాలు అతనికిస్తానని ఒప్పుకుంది.

శుక్రవారం పొద్దున్న పూలు కోసే మబ్రూకా, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు తొలి కోత పూలతో వీధి చివర నిలబడ్డారు. ఫర్జానీ జుట్టుకి నూనె రాసి, కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు.

"ఇవాళ్టి నుంచి మీ డ్రైవర్ని నేనే. గట్టిగా పట్టుకోండి," అంటూ తలుపు తీసి ఎక్కాడు.

అతను సీటులో కూర్చున్నాడో లేదో, ట్రక్కు దిగడం మొదలుపెట్టింది. ఒంటె మోకాళ్ళు వంచినట్టు ముందు చక్రాలు, తర్వాత వెనక చక్రాలు మెల్లగా వచ్చి నేలకి ఆనాయి. స్ప్రింగులు కిర్రుమన్నాయి. ఏళ్ళ తరబడి నేల తగలని టైర్లు దుమ్ములో కూరుకున్నాయి.

ఫర్జానీ కిటికీలోంచి తల బయటపెట్టి కిందికి చూసుకున్నాడు. "టైర్లలో గాలి తగ్గింది," అన్నాడు.

"తగ్గింది నాయనా, టైర్లలో మాత్రం కాదు," అంది మబ్రూకా. "దిగు. దలెందా, నువ్వొకసారి ఎక్కు."

దలెందా ఎక్కింది. స్టీరింగు మీద చేతులు పెట్టగానే నేల కిందికి పోతున్నట్టయింది. ట్రక్కు లేచి, ఎప్పుడూ ఉండే చోట ఆగింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. పడి లేచే బళ్ళు ఆ ఊరికి కొత్త కాదు. కానీ మబ్రూకా అసలు సంగతి పట్టేసింది. "అయితే ఎత్తు కాగితంలో పేరున్నవాళ్ళది కాదన్నమాట. ఇన్నాళ్ళూ ఖమీస్‌ది కానే కాదు."

సందు మొదట్లో రొట్టె కొనుక్కుని వస్తున్న హమ్మాదీ గారు అక్కడే ఆగిపోయి ఉన్నాడు. రొట్టె చంకలో పెట్టుకుని ట్రక్కు దాకా వచ్చి, "అమ్మా, నీతో ఒక మాట," అన్నాడు. ఆ ఆడవాళ్ళ ముందే చెప్పాడు. ఇక దాచే ఓపిక ఆయనకి లేదు.

"బండి కొన్న ఏడో ఏడాది సంగతి. నువ్వు హమ్మాంకి స్నానానికి వెళ్ళిన రోజు ఖమీస్ సరదాగా ఎక్కి కూర్చున్నాడట. ఇప్పుడు దిగినట్టే దిగింది. నువ్వు వచ్చి ఎక్కేసరికి మళ్ళీ లేచింది. నీ ధ్యాస ఎక్కడుందో, నువ్వు చూసుకోలేదు. ఆ వారమే పాలసీ రాయించడానికి నా దగ్గరికొచ్చి ఇదంతా చెప్పాడు. 'అయితే నడిపేవారి దగ్గర ఆవిడ పేరు రాసేద్దామా' అన్నాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడమ్మా. తర్వాత తన పేరే రాశాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు."

దలెందా స్టీరింగు వదల్లేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

"అంటే పన్నెండేళ్ళు తెలుసు," అంది. "పన్నెండేళ్ళు తెలిసే, పక్కన కూర్చుని 'మెల్లగా, మెల్లగా' అనేవాడా!"

ఆమెకి కోపమొచ్చింది. మామూలు కోపం కాదు, మనిషి ఎదురుగా ఉంటే చేతిలో ఉన్నది విసిరేసే కోపం. ఎదురుగా మనిషి లేడు. ఆ లేకపోవడం ఇంకా మండించింది. తాళం తిప్పి, "ఎక్కండి," అని ఆడవాళ్ళని బజారులో దింపి వచ్చి, హమ్మాదీ గారిని పక్కన కూర్చోబెట్టుకుని సహ్బీ ఆఫీసుకి పోనిచ్చింది. ఫర్జానీ తన కారులో గీరుకుంటూ వెనకే వచ్చాడు.

సహ్బీ అంతా విన్నాడు. హమ్మాదీ గారు తను చూసిందీ, తను రాసిందీ తన చేత్తోనే కాగితం మీద పెట్టి సంతకం చేశాడు.

"ఇది పాత కంపెనీ హెడ్డాఫీసుకి పంపితే వాళ్ళు సర్టిఫికెట్ మీ పేరున ఇవ్వచ్చు," అన్నాడు సహ్బీ. "కానీ పిన్నీ, మీరు కూడా ఒకటి సంతకం చెయ్యాలి. నన్ను తిట్టుకోకండి. మాటలు నావి కావు, ఫారంలో ఉన్నవి."

ఫారంలో ఒకే వాక్యం. నడిపేవారి విషయంలో పాలసీదారు ప్రతి ఏడూ తప్పుడు సమాచారం ఇచ్చారని.

"చూశారా!" ఫర్జానీ గొంతు లేచింది. "చచ్చిన మనిషిని అబద్ధాలకోరు అని సంతకం పెట్టమంటున్నారు! వదినా, ఇమాం గారు ఏమన్నారో మర్చిపోయావా? నాలుగు డబ్బులు తగ్గుతాయని మా అన్న పరువు తీస్తావా?"

దలెందా పెన్ను బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళింది. ట్రక్కు తలుపుకి ఆనుకుని నిలబడింది. ఇప్పుడు ఆమెలో ఉన్నది కోపం ఒక్కటే కాదు. ఖమీస్ చెడ్డవాడు కాదు. చెయ్యి ఎత్తలేదు, మాట తూలలేదు, ఆమె సంపాదన తీసుకుని ఎక్కడా తగలెయ్యలేదు. కాఫీ కొట్టు ముందు నలుగురిలో తల దించుకోవాల్సి వస్తుందని భయపడ్డాడు, అంతే. ఆ భయానికి ఆమె పేరు ఖర్చుపెట్టాడు. ఇప్పుడు ఆమె సంతకం పెడితే అదే కాఫీ కొట్టు ముందు ఆ నలుగురే నవ్వుతారు. పెట్టకపోతే ఆమె బతికున్నన్నాళ్ళూ ఫర్జానీ పక్కన కూర్చోవాలి.

తిరిగి లోపలికొచ్చింది.

"డబ్బుల సంగతి కాదు ఫర్జానీ," అంది. "రేపట్నుంచి నేను ఏ సీటులో కూర్చుంటాననేది సంగతి."

సంతకం పెట్టింది. పెట్టాక పెన్ను తిరిగివ్వలేదు.

"నాయనా సహ్బీ, ఇంకో మాట కూడా రాయి."

"ఏం రాయాలి పిన్నీ?"

"పందొమ్మిదేళ్ళూ ప్రతి పొద్దున్నా నాకన్నా ముందు లేచి బండి అద్దం తుడిచి పెట్టేవాడు అని రాయి. తేమ పట్టిన రోజుల్లో లోపలి వైపు కూడా. నేను అడక్కుండానే."

సహ్బీ ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి గడి లేదు పిన్నీ."

"అంచున రాయి. చోటుందిగా."

సహ్బీ చిన్న అక్షరాలతో అంచున రాశాడు. ఆ మాట రాస్తున్నంతసేపూ ఫర్జానీ గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు.

శనివారం గడువు అయిపోయింది. ఆదివారం, సోమవారం, మంగళవారం పెజో ఇంటి ముందే ఆగి ఉంది. ఆడవాళ్ళు ఎవరిదో కిరాయి బండి మాట్లాడుకుని పూలు తోలారు. ఆ డ్రైవరు ఆలస్యంగా వచ్చి రెండు గోనెల పూలు మగ్గబెట్టాడు. కిరాయి మాత్రం మగ్గబెట్టలేదు, పూర్తిగా పుచ్చుకున్నాడు. దలెందా ఇంట్లో ఊరికే కూర్చోలేక వంటింటి గిన్నెలన్నీ దించి తోమింది, తోమినవే మళ్ళీ తోమింది.

బుధవారం పదింటికి సహ్బీ ఫోను చేశాడు. "రండి పిన్నీ. టూనిస్ నుంచి వచ్చింది."

ఆమె నడుచుకుంటూనే వెళ్ళింది. సహ్బీ కాగితం రెండు చేతులతో పట్టుకుని ఇచ్చాడు. దలెందా కళ్ళజోడు లేకుండా దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకుంది. క్లెయిములు: లేవు. సంవత్సరాలు: పందొమ్మిది. బండి నడిపినవారు: దలెందా బింత్ సాలహ్. పుట్టింటి పేరుతో సహా ఉంది. ఆ పేరు అచ్చులో చూసుకుని ఎన్నేళ్ళయిందో ఆమెకి గుర్తు రాలేదు.

"కింద కూడా చూడండి," అన్నాడు సహ్బీ. "అక్కడెవరో గుమాస్తా ఒక్క ముక్క కూడా వదలకుండా కొట్టాడు."

కింద, మిగతా అక్షరాల సైజులోనే ఇంకో వరుస ఉంది. మరణించిన పాలసీదారు పందొమ్మిదేళ్ళూ ప్రతి ఉదయం బండి అద్దం తుడిచేవారు. తేమ ఉన్న రోజుల్లో లోపలి వైపు కూడా. కంపెనీ గుండ్రటి ముద్ర ఆ వరుస మీద సగం పడింది.

దలెందా కుర్చీలో కూలబడి ఏడ్చింది. నవంబరులో కూడా అంత ఏడవలేదు. వరుసలో నిలబడ్డ ఇద్దరిని సహ్బీ కాసేపు బయట ఆగమని చెప్పి, నీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, తను వేరే ఫైలు చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు. ఆమె ఏడుపు అయ్యాక మొహం తుడుచుకుంది. రుమాలు ముడి విప్పి నాలుగు వందల యాభై దినార్లు బయటికి తీసింది. కొత్త పాలసీ మీద సంతకం పెట్టింది, అద్దానికి అంటించే చీటీ తీసుకుంది.

గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నాయనా, ఆ సర్టిఫికెట్టు ఇంకో రెండు కాపీలు తియ్యి."

"ఎవరికి పిన్నీ?"

"ఒకటి ఇమాం గారికి. ఒకటి ఫర్జానీకి. వాళ్ళన్న పరువు ఏ వరుసలో ఉందో చదువుకుంటాడు."